రెండో పెట్టె

"డెబ్బై ఎనిమిది!"

స్టాప్‌వాచీ నొక్కి, పైకే అనేశాడు పరీక్షకుడు. గదిలో వినేవాళ్లెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

బల్ల మీద రెండు పాత కంప్యూటర్లున్నాయి. ఒకే ఏడాది కొన్నవి, రెండిటికీ వయసు మీద పడింది. ఒకదాని మీద 'ఒకటి', ఇంకోదాని మీద 'రెండు' అని కాగితాలు అంటించి, మూతలకు సీళ్లు వేశారు. ఆ ఆఫీసులో ఇలాంటివి మూడు వందలున్నాయి. అన్నిటినీ పారేసే బదులు, వేగం పెంచే ప్రాసెసర్ కార్డు లోపల బిగిస్తే ఇంకో నాలుగేళ్లు లాగించవచ్చని పైవాళ్ల ఆలోచన. పోటీలో చివరికి రెండు కార్డులు మిగిలాయి. ఒకటి పేరుమోసిన పెద్ద కంపెనీది. రెండోది బావ ఇంటి ముందుగదిలో కూర్చుని తయారుచేసినది.

బావ అంటే పరీక్షకుడి సొంత అక్క మొగుడు. ఆ సంగతి అతను దాచలేదు. నెల కిందటే మేనేజరమ్మ ముందు చెప్పేశాడు.

"అయితే ఏ పెట్టెలో ఎవరి కార్డుందో మీకు తెలియకుండా పెడదాం. ఆ చీటీ కవర్లో నా దగ్గరుంటుంది. పరీక్ష అయ్యేదాకా మీ ఇంట్లో కార్డు ఊసెత్తకండి," అందావిడ.

మొదటి మూడు పరీక్షల్లో రెండు పెట్టెలూ నువ్వా నేనా అన్నట్టున్నాయి. చిక్కంతా నాలుగోదానితోనే. ముప్పైవేల మంది ఖాతాదారుల పేర్లు అక్షరక్రమంలో పేర్చమంటే, ఒకటో పెట్టె నలభై ఒక్క సెకన్లలో పేర్చి కూర్చుంది. రెండోది డెబ్బై ఎనిమిది తీసుకుంది.

పేర్లు పేర్చమనగానే నీళ్లు నమిలే కార్డు ఎవరిదో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మేనేజరమ్మ ఆ షరతు పెట్టకముందు అక్క ఇంటికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాడు. "అన్నీ ఇట్టే చేస్తుంది బామ్మర్దీ, పేర్లు పేర్చమంటే మాత్రం చతికిలబడుతోంది. ఎక్కడుందో తిరకాసు అంతుపట్టి చావట్లేదు," అని బావ తల పట్టుకున్నాడు. బావకి అంతుపట్టనివి లోకంలో చాలానే ఉన్నాయని బామ్మర్దికి మొదటినుంచీ ఒక అభిప్రాయం. మనసు వెన్న, చేతిలో పని మాత్రం ఏదీ ఓ పట్టాన తెమలదు.

పరీక్షకుడు పెట్టె ఆపి చల్లారనిచ్చాడు. మళ్లీ వేశాడు. తీగలన్నీ పీకి, ఊది, మళ్లీ పెట్టాడు. మొత్తం ఐదుసార్లు చూశాడు. డెబ్బై తొమ్మిది. డెబ్బై ఎనిమిది.

"ఒక్కసారి కదలవే తల్లీ," అని బతిమాలాడు. యంత్రాన్ని బతిమాలడం అతని పదకొండేళ్ల ఉద్యోగంలో అదే మొదలు.

ఈ ఆర్డరు రాకపోతే ముందుగదికి తాళమే. బావకు తోడుగా ఉంటానని అక్క బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసి, రెండేళ్లుగా ఆ కార్డులకు టాంకాలు వేస్తోంది. వేళ్లనిండా కాలిన మచ్చలే. చిన్నప్పుడు ఆ వేళ్లతోనే ఇతనికి తల దువ్వి బడికి పంపేది. ఇప్పుడు ఆ మనిషి తలరాత ఈ స్టాప్‌వాచీలో ఉంది, తనేమో చేతులు ముడుచుకుని చూస్తున్నాడు.

మధ్యాహ్నం అక్క నుంచి ఫోనొచ్చింది.

"ఏరా, తిన్నావా?"

"తిన్నానక్కా." అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"ఒక్క మాట చెప్పి పెట్టేస్తా. మీ బావ ఆ పేర్లు పేర్చే దగ్గరి తిరకాసుని..."

"అక్కా! కార్డు మాట వద్దు. నా ఉద్యోగం ఊడగొడతావా?"

"చెప్పేది పూర్తిగా వినవేంరా?"

"వినను. నీకు దండం పెడతాను, వద్దు."

"సరేలే బాబూ. మీ బావ మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. నువ్వు ఉన్నదున్నట్టు రాస్తే అదే చాలంటున్నాడు," అని పెట్టేసింది.

పరీక్షకుడు ఫోను బల్ల మీద పెట్టాడు. ఉన్నదున్నట్టు రాస్తే కొంప మునుగుతుందని ఆ అమాయకుడికి ఎవరు చెప్పాలి? ఆ లోపాన్ని చూసీచూడనట్టు వదిలేయమని అడగబోయిన అక్క నోరు కూడా తనే నొక్కేశాడు.

సాయంత్రం దాకా కూర్చుని, చివరికి పెన్ను తీశాడు. ఫలితాల కాగితంలో ఒకటో పెట్టె గడిలో డెబ్బై ఎనిమిది రాశాడు. రెండో గడిలో నలభై ఒకటి రాశాడు. కింద సంతకం చేశాడు.

మర్నాడు మేనేజరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"తేడా బాగా ఎక్కువుందే. మళ్లీ ఓసారి చూద్దామా?"

"అక్కర్లేదు మేడమ్. ఐదుసార్లు చూశాను," అన్నాడు తల వంచుకుని. ఐదన్న మాట మాత్రం నిజం.

"మీరు చూశారంటే ఇక తిరుగులేదు." ఆవిడ రెండో పెట్టెకు ఆర్డరు రాసి, సంతకం పెట్టి, గుమాస్తా చేత అక్కడికక్కడే పంపించేసింది. పరీక్షకుడు రెండు రోజుల్లో మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు చేశాడు, తనలో తను ఒప్పుకున్నాడు, అక్క కోసం ఇంకోసారైనా చేస్తాననుకున్నాడు.

ఆవిడ కవరు చించి చీటీ విప్పింది. చదివి, కళ్లద్దాలు తీసి, అతని వైపు ఎంతో గౌరవంగా చూసింది.

"మీలాంటి మనుషులు అరుదండీ," అంటూ చీటీ అతని ముందుకు జరిపింది.

ఒకటో పెట్టె బావది.