వడపోత

బస్సు పుంగనూరు స్టాండులో ఆగగానే యమున పరుగున వచ్చి కరుణ కూర్చున్న కిటికీ కమ్మీ పట్టుకుంది.

“నిన్న సాయంత్రం చెప్పిందంతా గుర్తుండాదా? ఆ సార్టింగ్ ప్రోగ్రామ్ ఇంకోసారి చెప్పు.”

కరుణ చెప్పింది. రెండుచోట్ల తడబడింది. రెండుచోట్లా యమున సరిదిద్దింది.

మదనపల్లెలో నాలుగేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని కంప్యూటర్ సైన్స్ చదివారు ఇద్దరూ. కరుణకు కొరుకుడుపడని పాఠమల్లా యమునే విడమరిచి చెప్పేది. కుప్పంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇద్దరూ ఒకే రోజు అప్లికేషన్ పెట్టారు. మొత్తం తొమ్మిది వందల మంది పెట్టారట. అన్నిటినీ ముందు కంప్యూటరే వడపోస్తుందని ప్రకటనలోనే రాశారు. పన్నెండు మందికి ఈ రోజు ఇంటర్వ్యూకు రమ్మని పిలుపు వచ్చింది. అందులో కరుణ ఉంది, యమున లేదు.

“నాది యాల తీసేసిందో ఆడ అడుగుతావా?” అంది యమున, తమాషాకు అన్నట్టు.

“అడిగేదేముండాది యమునా? కంప్యూటర్‌కు మన ఊరు తెలీదు, కులం తెలీదు, సిఫార్సు తెలీదు. అది తీసేసిందంటే మన దాంట్లోనే ఏదో తక్కువుండాదని.”

ఆ మాట ఎంత కటువుగా ఉందో నోరు దాటాక గాని కరుణకు తెలియలేదు. యమున కమ్మీ మీంచి చెయ్యి తీసేసింది.

“సరే, జాగ్రత్తగా పోయిరా,” అంది. బస్సు కదిలింది.

పలమనేరు దాటాక అమ్మ ఫోన్ చేసింది. కృపమ్మ మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు.

“కరుణా, మా డాక్టరమ్మకు కుప్పంలో తెలిసినోళ్లు శానామంది ఉండారంట. ఒక మాట చెప్పిస్తే...”

“వద్దని ఎన్నిసార్లు చెప్పాల్నమ్మా? నన్ను ఎంచింది కంప్యూటర్. ఎవురి దయా లేకుండా వచ్చిండాది. నువ్వు నడాన దూరి దాన్ని పాడు చెయ్యొద్దు.”

“సరేలేమ్మా. ప్రార్థన చేసుకుంటా. అదన్నా చెయ్యొచ్చునా?”

కరుణకు నవ్వు రాలేదు. అమ్మ ఈపాటికే చెప్పించేసిందేమోనన్న అనుమానం మొదలైంది. ఏడాదిలో తను నలభై కంపెనీలకు అప్లికేషన్లు పెట్టింది. ముప్పైతొమ్మిది చోట్ల నుంచి జవాబైనా రాలేదు. తనకంటూ దక్కిన పిలుపు ఇది ఒక్కటే. అది కూడా ఎవరో చెబితే వచ్చిందంటే ఇక తన చదువుకు అర్థమేముంది?

కుప్పంలో స్టేషన్ రోడ్డు పక్కన, బట్టల షాపు మేడ మీద ఆఫీసు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది బెంగళూరు కాలేజీల పిల్లలు. వాళ్ల ఇంగ్లీషు వింటూ కరుణ సార్టింగ్ ప్రోగ్రామ్‌ను మనసులో ఇంకోసారి చెప్పుకుంది. ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు. ఆమెను అందరికంటే చివర పిలిచారు.

లోపల భారతి ఒక్కతే కూర్చుని ఉంది. యాభై ఏళ్లుంటాయి. కంపెనీ ఆవిడదే.

“కూర్చోమ్మా. మీ అమ్మ నర్సు కదా?”

అమ్మ చెప్పించేసినట్టే ఉందనుకుంది కరుణ. ఈవిడకు ఎలా తెలుసు? అడిగే ధైర్యం లేక తలూపింది.

“నీ ప్రాజెక్టు గురించి చెప్పు.”

పేషెంటు తన బాధ ఫోన్లో చెబితే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పే ఏఐ అది. మొదట్లో పనిచేయలేదు. ఒక ముసలామె ‘కడుపులో మంటగా ఉండాది, యాడికి పోవాల’ అని అడిగితే దానికి ముక్క అర్థం కాలేదు. అప్పుడు కరుణ మూడు నెలలు ఆసుపత్రి వరండాలో కూర్చుని, నాలుగు వందల మందిని అడిగి, వాళ్ల మాటలు రికార్డు చేసి దానికి నేర్పింది.

“అర్థం కానప్పుడు లోపం ఎవరిదనుకున్నావు? ముసలామెదా?” అడిగింది భారతి.

“కాదు మేడమ్. కంప్యూటర్‌దే. దానికి మా మాట ఎవరూ నేర్పలేదు.”

“మరి ఉద్యోగాలకు మనుషుల్ని కంప్యూటర్ ఎంచడం మంచిదేనంటావా?”

ఈ ప్రశ్నకు జవాబు కరుణ దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. “మంచిదే మేడమ్. అది మొహం చూసి బొట్టు పెట్టదు. మా లాంటి వాళ్లకు న్యాయం దొరికేది దాని దగ్గరే.”

“అది తీసేసినవాళ్ల మాటేమిటి?”

“వాళ్లలో ఏదో...” కరుణకు పొద్దున కిటికీ దగ్గర యమున మొహం గుర్తొచ్చింది. “నా స్నేహితురాలు యమునను తీసేసింది మేడమ్. నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది ఆమే. ఆమెలో తక్కువేముందో నాకు తెలీదు. తక్కువుందని పొద్దున ఆమెతోనే అన్నాను. అనకుండా ఉండాల్సింది.”

భారతి కాగితం మీద ఏదో రాసుకుంది. చేతికొచ్చింది పోగొట్టుకున్నాననుకుంది కరుణ. బయటికి వెళ్లాక అమ్మకు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకుంది.

“సోమవారం వచ్చి చేరు. కంప్యూటర్ తీసేసినవాటిలో కొన్ని నేనూ తిరగేస్తాను. ఆ యమున అప్లికేషన్ నా కంట పడలేదు. మళ్లీ పంపమను, నాకే.”

కరుణ లేచి నిలబడింది. సంతోషించాలంటే ముందు ఒక సంగతి తేలాలి.

“మేడమ్, నా గురించి మీకు ఎవరైనా చెప్పినారా? మదనపల్లె డాక్టరమ్మ గాని, ఇంకెవరైనా గాని?”

“ఏ డాక్టరమ్మ? ఎవరూ చెప్పలేదే.”

“మరి మా అమ్మ నర్సని...”

“నీ అప్లికేషన్లో నువ్వే రాశావు కదమ్మా.”

ఆ రోజులో మొదటిసారి కరుణ నిండుగా ఊపిరి పీల్చుకుంది. “అయితే పన్నెండు మందినీ నిజంగా కంప్యూటరే ఎంచింది.”

“పదకొండు మందిని,” అంది భారతి. “నిన్ను మొదటిరోజే తీసేసింది.”