బాలమల్లు వాకిట్లో బండి

కరీంనగర్ శివారులోని కొత్తవాడలో మగ్గం నేసే బాలమల్లు అన్నం ముందు నుంచి లేచి బయటికొచ్చాడు. పొరుగింటి భూమన్న వారం రోజులుగా తన ఎడ్లబండిని అతని వాకిట్లోనే ఆపుతున్నాడు. గడపదాకా పేడ, మూత్రం కంపు, ముద్ద మీద ఈగలు.

"థూ! నీ ఇంటి ముందర జాగ లేదా? గీ రోత మాకెందుకు? తియ్యి!"

భూమన్న ఎడ్లను విప్పి బండికి కట్టాడు.

"తీస్త తమ్మీ. మీ అవ్వే గీడ ఆపుమన్నది. నీ ఇంటామెకు నెలలు నిండినయ్. పోయినసారి దవాఖానకు పోదామంటే జల్ది బండి దొరక్క పసిపిల్ల దక్కకపాయె. నువ్వు పరేషానయితవని నీకు చెప్పలే."

బాలమల్లుకు తన నోటి మీద తనకే అసహ్యం పుట్టింది. వెళ్లి ఎడ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఉండనియ్యి అన్నా. పేడ నేనెత్తి పోస్త."