అట్ట మీది అక్షరాలు

"చివరి వరుస కూడా గడగడా చదివేశారే!" అని కళ్ల డాక్టరు ఆమె చేతిలోని అట్ట వెనక్కి తీసుకున్నాడు.

ఆఫీసులో కంపెనీ పెట్టించిన పరీక్ష అది. చూపు తగ్గిందంటే ఉద్యోగం ఊడుతుందని భయపడి, కంప్యూటర్ ఆపరేటరు తన ముందువాళ్లు చదివిన అక్షరాలన్నీ క్యూలోనే బట్టీ పట్టేసింది.

గండం గడిచిందనుకుంటుంటే మేనేజరు పిలిచాడు.

"కళ్లకేం ఢోకా లేదట కదమ్మా?"

"భేషుగ్గా ఉన్నాయి సార్."

ఆయన ముఖం వాడిపోయింది. "నువ్వు ఎక్కించే బిల్లుల్లో తప్పులకి కళ్లే కారణమని, పొద్దస్తమానం స్క్రీను చూస్తే అంతేనని పైవాళ్లతో పోట్లాడి ఈ పరీక్ష పెట్టించాను. కళ్లద్దాలు కంపెనీయే ఇచ్చేది. ఇప్పుడిక నిర్లక్ష్యమనక తప్పదు."

మెమో ముందుకు జరిపాడు. "చివరి వరుస కింద సంతకం చెయ్యమ్మా."

ఆమె పెన్ను పట్టుకుని కాగితం మీదికి వంగింది. ఇంకా వంగింది.

"ఎక్కడ సార్?"