ఉత్తమ నటుడు

“ఇక చాలు బాబూ, నాటకం అయిపోయింది. మామూలుగా నడిచి రా!”

న్యాయనిర్ణేత మైకులో ఆ మాట అనగానే కాలేజీ హాలంతా గొల్లుమంది. ఉత్తమ నటుడి కప్పు అందుకోవడానికి కుంటుకుంటూ వేదికెక్కిన రెండో సంవత్సరం కుర్రాడు మధ్యలోనే ఆగిపోయాడు.

“నా నడకే ఇదండీ,” అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. యుద్ధంలో గాయపడి ఇంటికొచ్చిన సైనికుడి వేషం అతనిది. దానికోసం ల్యాబ్ పరీక్ష కూడా వదులుకుని, నెలల తరబడి గొంతు సాధన చేశాడు.

న్యాయనిర్ణేత కప్పును మళ్లీ బల్లమీద పెట్టేసి, నాటకం నేర్పిన లెక్చరర్ చెవిలో ఏదో చెప్పాడు. లెక్చరర్ కుర్రాణ్ణి తెర పక్కకు తీసుకెళ్లాడు.

“ఏమనుకోకురా. ఆయనకి నచ్చింది ఆ నడకేనట. అది నటన కాదు కదా మరి.”

“మరి నా డైలాగులు సార్? నా గొంతు చూసే కదా మీరు వేషమిచ్చింది?”

“గొంతుదేముందిరా, ఎవరికైనా ఉంటుంది.” లెక్చరర్ అతని కాలివైపు చూసి చూపు తిప్పుకున్నాడు. “ఇంకొకడైతే ఆ నడక నేర్పేసరికే నా తల ప్రాణం తోకకొచ్చేది.”

ఈసారి మైకులో అతని రూమ్మేట్‌ను పిలిచారు. నాటకంలో సైనికుడి తమ్ముడు వాడే. వాడు ఒక్క పరుగున వచ్చి కప్పందుకున్నాడు.

“చప్పట్లు కొట్టరా, అందరూ ఇటే చూస్తున్నారు,” అన్నాడు లెక్చరర్.

కుర్రాడు కొట్టాడు. హాలంతా ఆపేశాక కూడా కొడుతూనే ఉన్నాడు, లెక్చరర్ చేతులు పట్టుకునేదాకా.