చుక్క పోస్తే ఒట్టు

"నువ్వూ నీ మెకానిక్ పనీ," అన్నాడు బావ. "చెట్లు కోసే మిషను ఏరికోరి కొనిపించావు. గోడ పక్కన పెడితే చాలు, గచ్చంతా ఆయిలే. తుడవలేక మీ అక్క నడుం పడిపోతోంది."

అక్క పాతగుడ్డతో గచ్చు తుడుస్తూనే ఉంది. నేను మిషను పక్కమూత విప్పాను.

"చైను ఆయిలు ఎప్పుడు పోశారు బావా?"

"నెల కిందట నువ్వు నిండా పోసిందే. ఆ తర్వాత నేను చుక్క పోస్తే ఒట్టు. అయినా ఇంకా కారుతోందంటే ఎంత దరిద్రపు సరుకు అంటగట్టావో చూడు."

"ఒక్కపూట చెట్టు కోస్తే ఖాళీ అయ్యే ట్యాంకు బావా ఇది. కోస్తే ఆయిలు చైనుకి పోతుంది. కొయ్యకుండా ఎండలో ఉంచితే నేలకి పోతుంది."

మూత లోపల వేలితో తుడిచి చూపించాను. చెక్కపొట్టు నలుసైనా లేదు.

బావ గోడ గడియారం వైపు చూశాడు.

అక్క చేతిలో గుడ్డ ఆగింది. ఈ నెల్లాళ్లూ పొద్దున్నే క్యారేజీ కట్టిచ్చి, మిషనుతో సహా ఆయన్ని చెట్ల కోతకి సాగనంపింది తనే.

లేచి, ఆ గుడ్డ బావ చేతిలో పెట్టింది.

"మిషనే నయంరా తమ్ముడూ. కడుపులో దాచుకోలేకపోయింది."