పొట్టి కడ్డీ

కొత్త బస్టాండు కప్పుకి ఆసరాగా, రెండు గోడల మధ్య బిగించాల్సిన ఆఖరి ఇనుప కడ్డీ గోరంత పొట్టిగా వచ్చింది.

వెనక్కి పంపితే కొత్తది రావడానికి వారం. ప్రారంభోత్సవమేమో ఎల్లుండి.

"జాకీ పెట్టి లాగి బిగించెయ్యండి," అన్నాడు ఇంజనీరు. "గోరంత దానికి కొండంత రాద్ధాంతమా?"

మిట్టమధ్యాహ్నం. ఇనుము ముట్టుకుంటే చుర్రుమంటోంది. మేస్త్రీ ఎలాగో లాగించి బోల్టులు బిగించాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

రోజూ సైటుకి వచ్చే ముసలాయన అప్పుడే వచ్చాడు. ఎవరో ఏమో ఎవరికీ తెలీదు. ప్రతి కడ్డీకీ అరచెయ్యి ఆనించి నిలబడతాడని కూలీలు 'నాడి డాక్టరు' అని పేరు పెట్టారు.

"ఏం డాక్టరుగారూ, జ్వరం ఎంతుంది?" మేస్త్రీ నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు. నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, అది విప్పించండి."

"ఎందుకట?"

"ఇంత ఎండలోనే అందక లాగారు. చలికి ఇంకా ముడుచుకుంటుంది. రెండు చివర్లూ కట్టేస్తే ఎటు పోతుంది పాపం? బోల్టులు తెంపుకుని పోతుంది."

"నాకే పాఠాలు చెబుతున్నావా తాతా?"

"వెనక ఒక బడి కప్పు ఇలాగే..."

"తెలుసులే! కాలేజీలో మా మొదటి పాఠమే అది. అంతమంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్న ఆ వెధవతో నన్ను పోలుస్తావా?"

ముసలాయన ముఖం వాడిపోయింది.

"ముమ్మాటికీ వెధవే బాబూ. వాడికీ ఎల్లుండే ప్రారంభోత్సవం."

ఇంజనీరుకి ఒళ్లు మండింది. వాచ్‌మన్‌ని పిలిచి బయటికి గెంటించాడు. ముసలాయన చెప్పు ఒకటి లోపలే ఉండిపోతే, దాన్నీ రోడ్డు మీదికి విసిరేయించాడు. ఏం మనుషులో!

మర్నాడు తెల్లవారుజామున చలి ఎముకలు కొరికింది.

ఫోన్ రాగానే ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. కడ్డీ ఊడిపోయి సగం కప్పు నేల మీదుంది. దాని కిందే పడుకునే కూలీలు పిల్లాపాపలతో రోడ్డు మీద వణుకుతూ నిలబడ్డారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

"మిమ్మల్ని ఎవరు లేపారు?"

"నాడి డాక్టరే సార్," అన్నాడు మేస్త్రీ. "గోడ దూకొచ్చి, నానా తిట్లూ తిట్టి అందర్నీ బయటికి తరిమాడు. మా చంటిది లోపలే ఉందంటే మళ్లీ వెళ్లాడు. దాన్ని నా చేతికి అందించాడు సార్... తను మాత్రం బయటపడలేదు."

కాసేపటికి పెద్ద ఇంజనీరు వచ్చాడు. శవం మీది గుడ్డ తొలగించి ముఖం చూశాడు.

"ఎక్కడ ఏ కప్పు వేస్తున్నా వెళ్లి నిలబడతాడని విన్నాను. అందరూ తరిమేసేవాళ్లట. నువ్వూ తరిమావా?"

ఇంజనీరు తల దించుకున్నాడు.

"ఎవరు సార్ ఈయన?"

పెద్ద ఇంజనీరు గుడ్డ మళ్లీ కప్పాడు.

"కాలేజీలో మనందరి మొదటి పాఠం... ఆ బడి కప్పు కట్టి జైలుకెళ్లింది ఈయనేనయ్యా."