హాల్లో వాన

ఎడమ గోడలోంచి సన్నగా గాలి మొదలైంది.

వెనక ఎక్కడో ఒక చినుకు పడింది. అంతలోనే నెత్తిమీద ఉరిమింది.

చీకటి హాల్లో నాలుగు వైపులా జోరున వాన.

"వానొచ్చిందయ్యో, కాయ తడిసిపోద్ది. లెగండి, పట్టలు కప్పాలి" అని ముందు వరసలోంచి ఒకాయన అరిచి, తలుపు వైపు పరిగెత్తాడు.

అంతే, సగం హాలు లేచింది. ఒకరి చెప్పు ఒకరు తొక్కుకుంటూ, పంచెలు ఎగ్గట్టుకుంటూ అందరూ బయటపడ్డారు.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ మండిపోతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

వినుకొండలో ఆ హాలు ప్రేమ్‌చంద్‌ది. వాళ్ల నాన్న నడిపిన రోజుల్లో తెర వెనక ఒకటే స్పీకరు. తొంభైల్లో గోడలకి బాక్సులు బిగించారు. అప్పటినుంచి సినిమాకి ముందు, సౌండు కంపెనీ పేరు చూపిస్తూ చిన్న ట్రైలర్ ఒకటి వేసేవాళ్లు. రైలు కుడి గోడలోంచి వచ్చి ఎడమ గోడలోకి పోయేది. హెలికాప్టర్ తలచుట్టూ తిరిగేది. హీరో కంటే ముందు దానికే ఈలలు పడేవి. అది పోతుందని జనం చేతిలో సోడా వదిలేసి లోపలికి ఉరికేవాళ్లు.

తర్వాత సీలింగుకి స్పీకర్లొచ్చాయి. వాటితోపాటు కొత్త ట్రైలర్లొచ్చాయి. ఊరూరా అవే కావటంతో మోజు తీరిపోయి, జనం ఆ కాసేపూ ఫోన్లు చూసుకోవటం మొదలుపెట్టారు. అది ప్రేమ్‌చంద్‌కి తలకొట్టేసినట్టుండేది.

అందుకే హాలు బాగుచేయించినప్పుడు పట్టుబట్టి సొంత ట్రైలర్ చేయించుకున్నాడు. గాలి, ఉరుము, వాన, వాన వెలిశాక తెరమీద హాలు పేరు. తన పరువంతా దానిమీదే పెట్టుకున్నాడు.

మిరపకాయ కల్లాల్లో ఎండే నెలలో పల్నాడు రైతుకి వాన వినిపించాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా? ఆయనకి పుట్టింది.

మొదటి ఆటకి పిలిచిన పెద్దమనుషులంతా బాల్కనీలో పగలబడి నవ్వుతున్నారు. తెరమీద హాలు పేరు వచ్చి పోయింది, ఒక్కడూ చూడలేదు. పరిగెత్తినవాళ్లు లోపలికి తిరిగొచ్చి, ముఖాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆ అరిచినాయన మీద పడ్డారు.

ప్రేమ్‌చంద్ బాల్కనీ మెట్లు దిగి వచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"ఆదాం అంటారండి. మాది కనిగిరి అవతల."

"సినిమా చూడటానికొచ్చావా, నా పరువు తీయటానికొచ్చావా?"

"నిజం వాననుకున్నానండి. కల్లంలో కాయ ఆరబోసుందండి."

"నీ నాలుగు బస్తాల కాయ కోసం ఇంతమందిని తొక్కిస్తావా?"

ఆదాం ఏదో చెప్పబోయాడు. బాల్కనీ వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఆ ఊరుకోవటం ప్రేమ్‌చంద్‌కి పొగరులా కనబడింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తెర ముందు నిలబెట్టాడు. లైట్లన్నీ వేయించాడు.

"ట్రైలర్ మళ్లీ వెయ్యండి. వాన ఎక్కడినుంచి వస్తుందో ఈయనకి చూపిద్దాం."

మళ్లీ ఉరిమింది. తెలిసి కూడా ఆదాం ఉలిక్కిపడ్డాడు. హాలంతా పడీపడీ నవ్వింది. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు.

"తప్పైపోయిందండి" అని చేతులు జోడించి, సినిమా చూడకుండానే వెళ్లిపోయాడాయన.

వారం తిరక్కుండా ఆ వీడియో జిల్లా అంతా పాకింది. నరసరావుపేట నుంచి, చిలకలూరిపేట నుంచి జనం ఆ వాన వినటానికే రావటం మొదలుపెట్టారు. ఆట ఆటకీ హాలు నిండుతోంది.

ప్రేమ్‌చంద్ కోపం ఎప్పుడో పోయింది. ఆ మనిషిని పిలిపించి, తెర ముందే శాలువా కప్పి ఫోటో తీయిస్తే ఇంకా పేరొస్తుందని తోచింది. తన పొలం సగంపాలుకి చేసే బుల్లయ్యకి తెలియని మనిషి ఉండడు. శాలువా కొనుక్కుని బుల్లయ్య కల్లం దగ్గరికి వెళ్లాడు.

బుల్లయ్య లేచి నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు.

"ఆ ఆదాం ఎక్కడుంటాడో తెలుసా బుల్లయ్యా?"

"ఎల్లిపోయాడండి. పెళ్లాన్ని ఎంటబెట్టుకుని నిన్న పొద్దున్నే పోయాడు."

"ఎక్కడికి?"

"చెప్పలేదండి. ఫోను కూడా ఎత్తటం లేదు. ఆ వీడియో కూతురి అత్తారింటిదాకా పోయిందంట. నలుగుర్లో తిరగలేకపోతన్నానని ఆ పిల్ల ఫోన్లో ఒకటే ఏడుపంట."

ప్రేమ్‌చంద్‌కి సిగ్గేసింది. శాలువా కవరు వెనక్కి దాచుకున్నాడు.

"అందరం నవ్వాం గదయ్యా ఆ రోజు" అన్నాడు, తనకి తాను సర్దిచెప్పుకుంటున్నట్టు.

"నేనూ నవ్వానండి. బాల్కనీలో మీరు కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చుని నవ్వాను. ఆయన నన్ను చూశాడు కూడా."

"నిన్నెందుకు చూడటం?"

బుల్లయ్య వంగి కల్లంలో కాయ తిరగెయ్యటం మొదలుపెట్టాడు. ప్రేమ్‌చంద్‌కి ఎలాగైనా ఆ మనిషికి ఏదో ఒక మేలు చేసి ఈ భారం దించుకోవాలనిపించింది.

"పోనీ, ఆయన కాయ ఎక్కడుంది? వదిలేసి పోయాడా? నేనే గుంటూరు యార్డుకి తోలించి, దగ్గరుండి మంచి ధరకి అమ్మించి పంపిస్తాను. చూపించు."

"ఆయనకి కాయెక్కడిదండీ? సెంటు భూమి లేదు, కోత కూలికొచ్చిన మనిషి" అన్నాడు బుల్లయ్య. "ఆ రోజు ఆయన పరిగెత్తింది, ఇదిగో, ఈ మన కాయ మీద పట్ట కప్పటానికండి."